“కన్నోళ్లు ఏరుకుంటరా?” అని నేనడిగిన ప్రశ్న

మీలో కొందరు ఈ మధ్యే ఈ పనిలో చేరారు. పిల్లను దత్తత కోరే దంపతుల ఇళ్లకు వెళ్లి, వాళ్లతో కూర్చుని మాట్లాడి, ఆ ఇంటికి పిల్లను ఇవ్వొచ్చో లేదో చెప్పే పని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టూ మోటారు సైకిల్ మీద తిరిగి నేను చేసిందీ అదే. యాభై దాటాక ఇక చాలనుకుని మానుకున్నాను. ఏ అధికారి శాలువా కప్పాడో, జీతం ఎప్పుడు పెరిగిందో రాసి మీ పొద్దు పాడుచేయను. ఒక్క మాట గురించి రాస్తాను. ఆ మాట నాది. దానివల్ల రాయికల్‌లో ఒక ఆడమనిషి చాలా ఏళ్లు తల దించుకుని బతికింది. ఆమె తప్పు లేదు. ఆ సంగతి అచ్చులో ఉండాలి. పేర్లు మార్చాను. ఊరి పేరు మాత్రం మార్చొద్దని ఆమే చెప్పింది.

బొడ్డు ఊడని పిల్ల

ఇప్పుడు కంప్యూటరే అడుగుతోంది: ఆడపిల్లా, మగపిల్లాడా, ఎంత వయసు, ఆరోగ్యం ఎలా ఉండాలి అని. మా రోజుల్లో దంపతులు మేం పిల్లలను ఉంచే శిశుగృహకు వచ్చి మా ఎదురుగా కూర్చుని చెప్పేవాళ్లు. మొదట అందరిదీ ఒకే మాట: “ఎవరైనా మంచిదే సార్.” చాయ్ తాగాక అసలు సంగతి బయటికి వచ్చేది.

ఎక్కువమంది అడిగేది పురిటి పిల్లను. బొడ్డు ఊడకముందే కావాలనేవాళ్లు. కన్నతల్లి పిల్లను అప్పగించాక ఆమె మనసు మార్చుకోవడానికి చట్టం గడువు ఇస్తుందని, అది దాటితే తప్ప ఇవ్వలేమని, కాబట్టి మా దగ్గర దొరికేది నెలల పిల్లే అని చెబితే ముఖాలు చిన్నబోయేవి. మల్లాపూర్ నుంచి వచ్చిన ఒకామెకు ఇంకో చిక్కు ఉంది. భర్త మస్కట్‌లో పని.

“ఆయన మొన్న ఎండకాలం ఛుట్టీ మీద అచ్చిపోయిండు సార్. గా లెక్కకు సరిపోయే పిల్ల కావాలె. ఎక్కువ తక్కువైతే వాడకట్టోళ్లు ఏమనుకుంటరు?”

నేను నవ్వు ఆపుకున్నాను. తర్వాత ఆలోచిస్తే నవ్వే సంగతి కాదు. భర్త ఏడాదికో రెండేళ్లకో వచ్చిపోయే ఊళ్లలో పిల్ల వయసు కూడా ఆ సెలవుతో సరిపోవాలి. ఆమెకు నచ్చజెప్పాను, దాచకుండా పెంచుకోమన్నాను. ఆ పని మాత్రం బాగానే చేశాననుకుంటున్నాను.

రంగు సంగతి వేరు. “కొంచెం తెల్లగ ఉండాలె” అనని ఇల్లు తక్కువ. దుబాయి నుంచి ఫోన్లో ఒకాయన పిల్ల ఏడుపు వినకుండానే “ముక్కు ఎట్లుంది సార్?” అని అడిగాడు. వీటన్నిటితో నాకు విసుగు పుట్టింది. విసుగు పుట్టిన మనిషి ఈ పనిలో ప్రమాదకారి. అది నాకు అప్పుడు తెలియలేదు.

ఆ మాట ఎట్లా పుట్టింది

కోరుట్ల నుంచి ఒక జంట వచ్చింది. వెంట పెద్దావిడ, పిల్లాడికి నాయనమ్మ కావాల్సిన మనిషి. పిల్లాణ్ని చేతుల్లోకి తీసుకోకుండా ముందు తల నిమిరింది. జుట్టు పాయ తీసి చూసి, “వామ్మో, రెండు సుడులున్నయి” అంది. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లవుతాయని నమ్మకం.

మా ఆయమ్మ అక్కడే పాలసీసాలు కడుగుతోంది. తల తిప్పకుండానే, “మంచిదే గదనే అవ్వ! రెండు పెండ్లిళ్లయితే నువ్వు రెండు మాట్ల బూంది లడ్డు తింటవు” అంది.

అందరూ నవ్వారు. పెద్దావిడ నవ్వలేదు. “ఇంకో పిల్లగాడున్నడా సారూ?” అంది, చీరల దుకాణంలో ఇంకో రంగు అడిగినట్టు.

అప్పుడు నా నోటి నుంచి వచ్చింది: “కన్నోళ్లు ఏరుకుంటరా, అవ్వా?”

కోడలు ఏడ్చింది. పెద్దావిడ పిల్లాణ్ని ఒళ్లోకి తీసుకుంది. ఆ పిల్లాడు ఆ ఇంట్లో బాగా పెరిగాడు. అవ్వ బతికున్నంత కాలం వాణ్ని కింద దింపలేదు.

ఒక మాట ఒకసారి బాగా పనిచేస్తే దాన్ని జేబులో వేసుకుంటాం. నేనూ వేసుకున్నాను. ఆ తర్వాత ఎవరు ఏ కోరిక చెప్పినా బయటికి తీశాను. రంగు అడిగినా అదే, కులం అడిగినా అదే. అందరూ తల దించుకునేవాళ్లు. తల దించుకోవడాన్ని నేను ఒప్పుకోవడం అనుకున్నాను.

మా పై అధికారి విమలా మేడం ఒకసారి విని, బయటికి పిలిచింది. ఆమె మాట ఎప్పుడూ పొదుపే. “మీరు వాళ్ల నోరు మూయిస్తున్నరు. నోరు మూసుకున్నోళ్ల గురించి మనకేం తెలుస్తది? ఇష్టం గురించి చెప్తున్నరా, శాతనైతదా కాదా చెప్తున్నరా, అది ఇనుండ్రి ముందు” అంది. సరే మేడం అన్నాను. పిల్లలు త్వరగా ఇళ్లకు చేరుతున్నారు కదా, ఈమెకేం కావాలి అని లోపల అనుకున్నాను.

రాయికల్‌లో ఆ ఇల్లు

రాజమణి బీడీలు చేసేది. భర్త గంగాధర్ గల్ఫ్‌లో భవనాల పని. పెళ్లై చాలా ఏళ్లయినా పిల్లలు లేరు. అతను సెలవు మీద వచ్చిన రోజుల్లోనే నన్ను ఇంటికి రమ్మన్నారు.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో తడిగుడ్డలో చుట్టిన తునికాకు, చాటలో తంబాకు. గడప దాటగానే నాకు దగ్గొచ్చింది. రాజమణి చాట పక్కకు జరిపింది కానీ వాసన ఎక్కడికి పోతుంది?

ఏమైనా కోరికలుంటే చెప్పమన్నాను. ఆమె ముందే ఆలోచించి పెట్టుకున్నట్టు చెప్పింది.

“ఆడపిల్లయినా మంచిదే, మొగపిల్లగాడైనా మంచిదే సార్. నలుపు తెలుపు నేను సూడ. ఒక్కటే అడుగుత. ఆయాసం, గుండె జబ్బు అసొంటియి లేని పిల్లనియ్యుండ్రి. గీ ఇంట్ల తంబాకు ఉంటది. ఈయన ఆడ ఉంటడు. అర్జంటుగ దవాఖానకు ఉరకాల్నంటే నేనొక్కదాన్నే.”

“బీడీలు మానేయొచ్చు గదా చెల్లె?”

“మానేస్తే ఏం తినాలె సార్? ఈయన కంపిని జీతమిచ్చినప్పుడే ఇచ్చినట్టు. ఇయ్యనప్పుడు గీ చాటనే మాకు దిక్కు.”

ఆమె ఏమీ దాచలేదు. నేను అంతకుముందు ఎవరి నోటా అంత నిజాయితీగా వినలేదు. కానీ నాకు వినిపించింది వేరు. ఆ రోజుల్లో శిశుగృహలో ఒక ఆడపిల్ల ఉంది. గుండెలో చిన్న రంధ్రం. రెండు జంటలు చూసి వెళ్లిపోయాయి. మూడో జంట కోసం నేను వెతుకుతున్నాను. రంగు చూడను, ఆడపిల్లయినా సరే అన్న ఇల్లు ఎదురుగా ఉంది. మిగిలింది ఒక్క మాటే అడ్డు.

“కన్నోళ్లు ఏరుకుంటరా, చెల్లె?” అన్నాను.

ఆమె చేతిలో తునికాకు ఉంది. దాన్ని కత్తిరించడం ఆపింది. గంగాధర్ అందుకున్నాడు: “సార్ చెప్పేది నిజమే గదనే. దేవుడు ఎవలనిస్తే వాళ్లె మన బిడ్డ.”

“నీదేముంది,” అంది రాజమణి, “నువ్వు ఫోన్ల ముద్దు పెడుతవు.”

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. తునికాకును మళ్లీ కత్తిరిస్తూ, “సరే సార్, మీరెట్లంటే గట్లనే” అంది.

పిల్ల గుండె సంగతి నేను చెప్పాను. చెప్పలేదని కాదు. రంధ్రం దానంతట అదే మూసుకోవచ్చు, మూసుకోకపోతే ఆపరేషన్ కావాలి, అప్పటిదాకా జలుబు చేసినా వదిలేయొద్దు అని డాక్టర్ అన్నాడు. నేను వాళ్లకు మొదటి ముక్క చెప్పి ఊరుకున్నాను. “మూసుకపోతదట” అన్నాను. పిల్లను ఒక ఇంటికి చేర్చాలన్న ఆత్రంలో సగం నిజం చెప్పడం మన పనిలో చాలామంది చేస్తారు. దాన్ని మనం మంచితనం అని పిలుచుకుంటాం. అబద్ధం అని పిలవండి. అలా పిలిస్తేనే మానుతారు.

పిల్లను తెచ్చిన రోజు

పిల్ల రాయికల్ వెళ్లింది. అప్పట్లో కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా పెంపకానికి ఇచ్చేవాళ్లం. గంగాధర్ మళ్లీ విమానం ఎక్కాడు. మొదట్లో అంతా బాగుంది. రాజమణి బీడీల చాటను పక్కింటివాళ్ల పశువుల కొట్టంలోకి మార్చుకుంది. పిల్లను నిద్రపుచ్చి అక్కడికి వెళ్లి చేసేది. ఏడుపు వినిపిస్తే చేతులు కడుక్కుని పరుగెత్తేది.

వానలు పడ్డాయి. పిల్లకు ముక్కు పట్టేసింది, తర్వాత ఛాతీ. రాజమణి జగిత్యాల దవాఖానకు బస్సులో తిరగడం మొదలుపెట్టింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. పాలు తాగుతూ పిల్ల నుదురంతా చెమట పట్టేదట. అదే సమయంలో గంగాధర్ కంపెనీ జీతాలు ఆపేసింది. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. రావడానికి లేదు.

ఆమె నాకు ఫోన్ చేసింది. ఒకసారి కాదు. “సార్, పిల్ల డొక్కలు ఎగరేస్తున్నది” అంది. “పిల్లలన్నంక జలుబు కాదా చెల్లె, కొత్త తల్లివి, భయపడుతున్నవు” అన్నాను. వెళ్లి చూడలేదు. ఈ పనిలో మీరు నేర్చుకోవాల్సింది ఒక్కటే ఉందంటే ఇదే: ఫోన్ వచ్చిన రోజే బండి తీయండి.

ఒక రోజు పొద్దున్నే ఆమె శిశుగృహ గేటు దగ్గర నిలబడి ఉంది. భుజాన పిల్ల. చేతిలో సంచి. అందులో పిల్ల బట్టలన్నీ ఉతికి మడత పెట్టి ఉన్నాయి.

“సార్, ముందుగాల దీన్ని పెద్ద దవాఖానకు తోలుండ్రి. నేను తోల్కపోలేక అచ్చిన. ఇది బతకాల్నంటే నా ఇంట్ల ఉండద్దు.”

నేను ఆయమ్మ ముందు, డ్రైవర్ ముందు, అప్పుడే వచ్చిన ఇంకో జంట ముందు అన్నాను: “అంగట్ల కూరగాయలనుకున్నవా, నచ్చకపోతే వాపసియ్యడానికి?”

రాజమణి పిల్లను ఆయమ్మ చేతికిచ్చింది. పిల్ల ఆమె కొంగు వదలకపోతే ఒక్కో వేలూ విడదీసింది. నేను చూస్తూ నిలబడ్డాను.

పిల్లను హైదరాబాద్ తీసుకెళ్లారు. ఇంకొంచెం ఆలస్యమైతే చేజారేదని అక్కడి డాక్టర్ అన్నాడు. అంటే ఆ పిల్ల ప్రాణం కాపాడింది నేను కాదు. సిగ్గు విడిచి తీసుకొచ్చిన రాజమణి. ఆ ముక్క నేను ఎవరికీ చెప్పలేదు.

నేను చెప్పుకుంటూ తిరిగిన కథ

అంతకంటే పెద్ద తప్పు తర్వాత చేశాను. జగిత్యాలలో దత్తత కోరేవాళ్లకు సమావేశాలు పెట్టేవాళ్లం. నన్ను మాట్లాడమనేవాళ్లు. నేను ఈ కథ చెప్పేవాణ్ని. పేరు చెప్పలేదు. “రాయికల్ దిక్కు ఒక బీడీల ఇల్లు” అన్నాను. పిల్ల బట్టల సంచి సంగతి, కొంగు సంగతి చెప్పాను. జనం కళ్లు తుడుచుకునేవాళ్లు. తంబాకు సంగతి, ఆమె ముందే చెప్పిన సంగతి చెప్పలేదు. అవి చెబితే కథ నా మీదికి వస్తుంది.

మా ప్రాంతంలో అంత ఆనవాలు చాలు. మాట రాయికల్ చేరింది. అక్కణ్నించి గల్ఫ్‌లో గంగాధర్ ఉండే గదికి కూడా చేరింది. వాడకట్టులో పసిపిల్లను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ అయితే రాజమణిని పిలవడం మానేశారు. బస్సులో పసిపిల్లతో కూర్చున్న ఒకామె, రాజమణిని చూసి పిల్ల మీద కొంగు కప్పిందట. గంగాధర్ తిరిగొచ్చాక వాళ్లు ఇంకో పిల్ల కోసం అడిగారు. ఈసారి అతను ఇక్కడే ఉంటానన్నాడు. విమలా మేడం ఇద్దామంది. వద్దన్నది నేనే. “ఒకసారి వాపసిచ్చిన ఇల్లు మేడం” అన్నాను. అప్పటికి మేడం బదిలీ మీద వెళ్లిపోతోంది. నా మాటే నిలిచింది. రాజమణి మళ్లీ అడగలేదు.

సిరిసిల్లలో విన్నది

ఆ పిల్లకు ఆపరేషన్ అయ్యాక సిరిసిల్ల జంట ఒకటి వచ్చింది. కనకయ్య సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పని చేసేవాడు, భార్య సుజాత. అవి సగం రోజులు మూతపడి ఉండే కాలమది. ఆ ఊళ్లో ఏ వీధికి పోయినా ఏదో ఒక ఇంటిముందు చావు టెంటు కనిపించేది. ఇలాంటి ఇంటికి, ఇలాంటి పిల్లనా అని మనసులో అనుకుంటూనే కోరికలు చెప్పమన్నాను.

సుజాత వేళ్లు మడిచింది. “ఆడపిల్లనే కావాలె. మొగపిల్లగాడు వద్దు. రెండోది, మాకు తెల్వని జబ్బు వద్దు. తెలిసిన జబ్బయితే మేం సూస్తం.”

నా జేబులో మాట సిద్ధంగా ఉంది. “కన్నోళ్లు...” అన్నాను.

“సార్, అదంత పక్కకు వెట్టుండ్రి,” అందామె. “మా చెల్లెకు గుండెల తొర్ర ఉండె. నా చేతుల్లనే పెరిగింది. ఎప్పుడు ఉరకాల్నో, ఎప్పుడు ఊకోవాల్నో నాకెరుక. నాకు ఎరుకైనదేదో, నాతోని కానిదేదో చెప్తున్న. చెప్పద్దంటే మరి మీరెందుకు అడుగవడితిరి?”

కనకయ్య మెల్లగా అన్నాడు: “సాంచాలు బందైనయి సార్. ఇద్దరం ఇంట్లనే ఉంటం. దవాఖాన గా సందు దాటితే అస్తది. టైము మటుకు మా దగ్గర మస్తుగున్నది.”

రాజమణి చెప్పింది కూడా అచ్చంగా ఇదే: ఇది నాతో అవుతుంది, ఇది నాతో కాదు. కోరుట్ల అవ్వ సుడి చూడటం ఒకటి, రాజమణి తంబాకు సంగతి చెప్పడం ఒకటి. రెంటినీ ఒకే మాటతో కొట్టాను. విమలా మేడం చెప్పింది ఆ రోజు సిరిసిల్లలో అర్థమైంది.

పిల్ల ఆ ఇంటికి వెళ్లింది. అర్థమైన మరుసటి రోజే నేను రాయికల్ వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. సమావేశాల్లో ఆ కథ చెప్పడం మాత్రం మానేశాను. అంతటితో సరిపోయిందనుకున్నాను. కథ చెప్పేవాడు మానేసినా విన్నవాళ్లు మానరు.

మళ్లీ ఆ గడప

ఉద్యోగం మానుకున్నాక ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పేరు మౌనిక, రాజమణి చెల్లెలి కూతురు. ఆమె, భర్త ప్రవీణ్ దత్తతకు దరఖాస్తు పెట్టుకోవాలనుకుంటున్నారు. అత్తగారు ఒప్పుకోవడం లేదట. “మీ పెద్దమ్మ ఇల్లు పిల్లను వాపసిచ్చిన ఇల్లు, మీకు ఇయ్యరు, ఇచ్చినా ఊరు నవ్వుతది” అంటోందట. “సార్, మా పెద్దమ్మ మిమ్ములను ఒక్కసారి రమ్మంటున్నది” అంది.

వెళ్లాను. మధ్యాహ్నం. అదే ఇంటి అరుగు మీద ఐదారుగురు బీడీలు చేసుకుంటున్నారు. రాజమణి జుట్టు నెరిసింది. లేవలేదు.

“కూసోండ్రి సార్. మీరు జగిత్యాలల మైకు వట్టుకొని చెప్పిన్రట గదా. ఈడ మైకు లేదు. గట్టిగ చెప్పుండ్రి.”

మౌనిక అత్తగారు కూడా గడపలో కూర్చుని ఉంది. నేను నిలబడే చెప్పాను. ఆమె ముందే ఏం చెప్పిందో, నేను ఎట్లా నోరు మూయించానో, డాక్టర్ మాటలో సగం ఎట్లా మింగానో, ఫోన్ చేస్తే ఎందుకు రాలేదో, పిల్ల ఎవరి వల్ల బతికిందో చెప్పాను. రెండో పిల్లను అడ్డుకున్నది నేనే అని కూడా చెప్పాను. అది రాజమణికి తెలియదు. ఆమె చేతులు ఆగాయి.

ఒక ముసలామె చాట మీంచి తలెత్తింది. “గంత సదువుకొని, తంబాకు ఘాటు తెల్వదా సారూ నీకు? గీ గడపల దగ్గినవట గదా?”

“దగ్గిన అవ్వా.”

“నీకు దగ్గొస్తది గని పసిపిల్లకు రాదనుకున్నవా?”

ఎవరూ నవ్వలేదు. రాజమణి అడిగింది: “పిల్ల ఎట్లున్నది?”

“బాగుంది. చదువుకుంటున్నది. అంతకంటే చెప్పే హక్కు నాకు లేదు చెల్లె.”

“అద్దు. గంత చాలు.” ఆమె దారం తీసి బీడీకి చుట్టింది. ముడి పడలేదు. మళ్లీ చుట్టింది. “నేను మాఫ్ చేసిన అనుకోకుండ్రి సార్. గది నాతోని కాదు.”

“సరే” అన్నాను. కాదన్న దాన్ని కాదని వినడం అప్పటికైనా నేర్చుకున్నాను.

ఇదంతా రాస్తానని చెప్పి అనుమతి అడిగాను. “రాయుండ్రి. నా పేరు మార్చుండ్రి గని నా మాట మార్చకుండ్రి. ఊరి పేరు ఉండనియ్యుండ్రి. గీ ఊర్లెనే గదా నన్నన్నది” అంది.

మౌనిక, ప్రవీణ్ దగ్గరికి జరిగారు. ఫోన్లో దరఖాస్తు తెరిచి ఉంది. పిల్ల ఆరోగ్యం గురించి అడిగిన చోట ఆగిపోయారు. ప్రవీణ్ నా వైపు చూశాడు. “సార్, మా ఇద్దరివి ప్రైవేటు నౌకర్లు. సెలవులు దొరుకయి. జబ్బు పిల్లను సూసుకోలేమని పెడితే తప్పా? ఏదైనా పర్లేదని పెడితే జల్ది అస్తదంటున్నరు.”

నేను నోరు తెరిచేలోపే రాజమణి అంది: “మీతోని ఏమైతదో గదే పెట్టుండ్రి. కానిది కాదని పెట్టుండ్రి. సార్ ఏమనడు.”

నా వైపు చూసి, అరుగు మీద కూర్చున్నవాళ్లందరికీ వినబడేటట్టు మళ్లీ అంది: “నేను అననియ్య.”